చిలక పథ్యం

స్త్రీని పంజరంలో చిలకతో పోల్చడం మన కవిత్వంలో, కథల్లో, సినిమా పాటల్లో బాగా అరిగిపోయిన పోలిక. స్త్రీవాద రచనలో మనమూ దాన్ని విరివిగానే వాడుకున్నాం. బంగారు పంజరమైనా పంజరమే అన్నాం. పాలూ పళ్ళూ పెట్టినా స్వేచ్ఛకు సాటిరావన్నాం. ఇదంతా నిజమే. అయితే ఈ పోలికలో చిలక ఎప్పుడూ మన ముఖం మనకు చూపించే అద్దంగానే ఉంది. ఆకలిదప్పులున్న ప్రాణిగా లేదు. దానికి ఎవరు తిండి పెడుతున్నారు, ఏం పెడుతున్నారు, ఆ తిండి దాని ఒంటికి సరిపడుతోందా అన్న ప్రశ్నలు పోలికలోకి రానే రావు. ఇళ్ళల్లో చూస్తే పంజరంలో గింజలు వేసేది, నీళ్ళు మార్చేది, రెట్ట కడిగేది దాదాపు ఎప్పుడూ ఆడవాళ్ళే. అంటే మనం చిలకలమనుకునే ఆ ఇంట్లోనే అసలు చిలకకి మనం కాపలాదారులం కూడా. ఆ స్థానం నుంచి ఆలోచిస్తే, ఒకరి మేలు కోరి వాళ్ళ తిండిని మనం నిర్ణయించడం ఎంతవరకు ప్రేమ, ఎక్కడినుంచి పెత్తనం అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఈ ప్రశ్న చిలకతో ఆగేది కాదు.

పద్మపురాణంలో ఒక కథ ఉంది. పెళ్ళికి ముందు సీత తోటలో ఒక చిలకల జంటను చూస్తుంది. అవి వాల్మీకి ఆశ్రమంలో విన్న రామకథ చెప్పుకుంటూ ఉంటాయి. తన కథ తానే వినాలన్న ముచ్చటతో సీత వాటిని పట్టి తెప్పిస్తుంది. నా ఇంట్లో సుఖంగా ఉండండి అంటుంది. ఆడచిలక నిండు గర్భిణి. అడవిలో తిరిగేవాళ్ళం, ఇళ్ళల్లో మాకు సుఖం ఉండదు, వదిలిపెట్టమని బతిమాలుతుంది. సీత దాన్ని వదలదు. నువ్వు కూడా గర్భంతో ఉండగానే భర్తకు దూరమవుతావని శపించి ఆ చిలక ప్రాణం విడుస్తుంది. సీతను అడవికి పంపిన నేరాన్ని రాముడి మీద నుంచి తప్పించడానికి అల్లిన కథల్లో ఇదొకటి. ఆడదాని కష్టానికి మరో ఆడదే కారణమన్న పాత పాటే ఇందులోనూ ఉంది. ఆ విమర్శ చేయవలసిందే. చేశాక కూడా నా మనసు ఒకచోట ఆగిపోతుంది. సీత ఆ పక్షికి చెడు తలపెట్టలేదు. సుఖంగా చూసుకుంటాననే అంది. ఆ సుఖం ఏమిటో చెప్పే హక్కు ఎవరిదన్న దగ్గరే ఇద్దరికీ పేచీ వచ్చింది.

భద్రాచల రామదాసు గోల్కొండ చెరలో పన్నెండేళ్ళు మగ్గడానికి, పూర్వజన్మలో ఒక చిలకను పంజరంలో పెట్టడమే కారణమని జనం చెప్పుకునే కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. ఆ చిలకకు ఆయన ఏం పెట్టాడో, ఎంత ప్రేమగా పెట్టాడో లెక్కలోకి రాలేదు. బాగా చూసుకున్నాడు కాబట్టి ఒక ఏడు శిక్ష తగ్గిందని ఎవరూ చెప్పలేదు. మంచి తిండి పెట్టాను కదా అని పంజరం పాపాన్ని కొట్టివేయడం ఆ కథ చెప్పిన జనానికి తోచలేదు.

నేను ఈ సంగతులు ఆలోచించడానికి కారణం మా ఇంట్లో ఉన్న పక్షి. మా అమ్మకి డెబ్బై ఎనిమిదేళ్ళు. నాన్న పోయాక తెనాలి ఇల్లు మూసేసి హైదరాబాదులో నా దగ్గరికి వచ్చింది. నేను పొద్దున కాలేజీకి వెళ్తే తిరిగొచ్చేసరికి సాయంత్రం ఆరవుతుంది. అన్నయ్య అమెరికా నుంచి వచ్చినప్పుడు, అమ్మకి తోడుగా ఉంటుందని ఒక కాకటీల్‌ని కొనిచ్చి వెళ్ళాడు. మన రామచిలుకను పట్టడం, అమ్మడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కాకటీల్ ఆస్ట్రేలియా పక్షి. ఆ దేశం తన పక్షుల్ని అమ్మకానికి బయటికి పంపడం దశాబ్దాల కిందటే ఆపేసింది కనుక, ఇప్పుడు దుకాణాల్లో దొరికేవన్నీ పంజరాల్లో పుట్టి పంజరాల్లో పెరిగినవే. కాబట్టి చట్టానికి దీంతో పేచీ లేదు. బూడిద రంగు ఒళ్ళు, నెత్తిన పైకి లేచే తురాయి, చెంపల మీద నారింజ రంగు చుక్కలు. అమ్మ దానికి చిట్టి అని పేరు పెట్టింది.

అమ్మకి చిలకను సాకడం కొత్త కాదు. ఇంకా ఆ చట్టం రాని రోజుల్లో, వాళ్ళ పుట్టింట్లో రామచిలుక ఉండేది. దానికి పాలన్నం, జామకాయ, పచ్చిమిరపకాయ పెట్టేవాళ్ళు. చిట్టికీ అదే మర్యాద జరిగింది. దుకాణంవాడు ఇచ్చిన పొద్దుతిరుగుడు గింజలు, పొద్దున కాస్త పాలన్నం, సాయంత్రం టీలో ముంచిన బిస్కెట్టు ముక్క, అమ్మ జంతిక తింటుంటే దానికో చిన్న ముక్క. పెట్టినదల్లా అది తినేది. తింటుంటే అమ్మ ముఖంలో కళ వచ్చేది. మన భాషలో ప్రేమకీ అన్నం పెట్టడానికీ మధ్య పెద్ద దూరం లేదు. తిన్నావా అని అడగడమే మనకి బాగున్నావా అని అడగడం.

రెండో ఏడు చిట్టి గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. జత లేదు. మొదటి విడత ఐదు పెట్టింది. వాటి మీద కొన్నాళ్ళు పొదిగి, లేచి, నెల తిరక్కుండా మళ్ళీ నాలుగు. తర్వాత ఒళ్ళు ముడుచుకుని పంజరం అడుగున కూర్చుంది. పక్షుల వైద్యం తెలిసిన డాక్టరుగారికి చూపించాం. ఆవిడ ముందు దాన్ని తూచారు. నూట పద్ధెనిమిది గ్రాములు. ఈ జాతికి సాధారణంగా ఎనభై నుంచి వంద గ్రాములు చాలు.

ఆవిడ చెప్పిన సంగతులు నన్ను చాలా రోజులు వెంటాడాయి. మగపక్షి లేకపోయినా ఆడపక్షి గుడ్లు పెడుతుంది. అడవిలో అయితే వానలు పడి, గడ్డి గింజ కట్టి, తిండి దండిగా ఉన్న కాలంలోనే పెడుతుంది. ఇంట్లో రాత్రి పదకొండు దాకా దీపాలు వెలుగుతుంటాయి. నూనె గింజలు ఎప్పుడూ గిన్నె నిండా ఉంటాయి. ఏడాది పొడుగునా కనే కాలమేనని ఆ శరీరం నమ్ముతుంది. ప్రతి గుడ్డు పెంకుకీ కాల్షియం కావాలి. పొద్దుతిరుగుడు గింజల్లో కొవ్వు ఎక్కువ, కాల్షియం తక్కువ. తిండిలో లేని కాల్షియాన్ని ఒళ్ళు తన ఎముకల్లోంచి తీసి ఇస్తుంది. అది కూడా అడుగంటితే గుడ్డును బయటికి నెట్టే బలం కండరాలకి ఉండదు. గుడ్డు లోపలే అడ్డుపడి పక్షి చనిపోవచ్చు. కడుపు నిండా తింటూ, ఒళ్ళు చేస్తూ, లోపల గుల్లబారిపోవడమన్న మాట.

ఇంటికొచ్చాక అమ్మ అంది: "మాకూ అంతేగా. తిండికి లోటు లేదు, కనడానికేం అనేవాళ్ళు. ఐదు కాన్పులకీ నా పళ్ళన్నీ ఊడిపోయాయి."

డాక్టరుగారు రాసిచ్చిన జాబితాలో వింత వస్తువులేవీ లేవు. పొద్దుతిరుగుడు గింజలు, వేరుశనగలు ఎప్పుడన్నా ఒకటీ అరా. వేరుశనగల్ని నిలవచేస్తే పట్టే బూజు విషం పక్షుల కాలేయానికి చేటు. కొర్రలు, జొన్నలు, సజ్జలు కొద్దిగా. మునగాకు, తోటకూర, కొత్తిమీర రోజూ. ఎర్ర గుమ్మడి, క్యారెట్, ఉడికించిన చిలగడదుంప వంటి నారింజ రంగువి తప్పనిసరి. ఒట్టి గింజలు తినే పక్షులకి విటమిన్ ఎ అందక ముక్కు, గొంతు లోపలి పొరలు పాడై జబ్బులు పట్టుకుంటాయి. మొలకెత్తిన పెసలు మంచివి. పాలకూర రోజూ వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. కాల్షియం కోసం పంజరంలో ఒక సముద్రఫేనం ముక్క. వీటికి తోడు పక్షుల కోసం తయారుచేసే గుళికల మేత. పాలు మానెయ్యాలి, పక్షులు పాలలోని చక్కెరను అరిగించుకోలేవు. ఉప్పు, నూనెలో వేయించినవి, టీ, కాఫీ, చాక్లెట్ పనికిరావు. అవకాడో ముక్క తగిలినా ప్రాణం మీదికొస్తుంది. పచ్చిమిరపకాయ మాత్రం నిక్షేపంగా పెట్టొచ్చు. మనకి మంట పుట్టించే పదార్థం పక్షుల నరాలకి తెలియదు. మిరప గింజల్ని దూరదూరాలకి చల్లేవి పక్షులే. అమ్మ పుట్టింటి పథ్యంలో మిరపకాయ ఒక్కటీ నెగ్గింది. పెట్టిన గుడ్లు వెంటనే తీసెయ్యొద్దు, తీసేస్తే మళ్ళీ పెడుతుంది, దానంతటది విసిగి వదిలేసేదాకా ఉంచమన్నారు. సాయంత్రం ఆరున్నరకల్లా పంజరం మీద గుడ్డ కప్పి చీకటి చెయ్యమన్నారు.

చెప్పడం తేలికే. చిలకలు చిన్నప్పుడు ఏది తిండని నేర్చుకున్నాయో దాన్నే తిండిగా గుర్తిస్తాయి. చిట్టికి క్యారెట్ ముక్క తిండిలా కాదు, భయపడాల్సిన వస్తువులా కనిపించింది. అన్నీ కలిపి పెడితే పొద్దుతిరుగుడు గింజలు ఏరుకుని మిగతావి కింద పారేసేది. మొండికేసిందని ఆకలితో మాడ్చకూడదు. అంత చిన్న ఒంటికి ఒకటి రెండు రోజుల పస్తే ప్రాణాంతకం. అందుకని వంటింటి తూకం మీద రోజూ దాన్ని తూచుకుంటూ, వారానికి కాస్త చొప్పున గింజలు తగ్గించుకుంటూ రావాలి. మాకు మూడు నెలలు పట్టింది. అన్ని రోజులూ ఆ పని చేసింది ఎక్కువగా అమ్మే.

ఆ మూడు నెలలూ మా ఫ్రిజ్ తలుపు మీద రెండు కాగితాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి చిట్టిది, రెండోది అమ్మది. అమ్మకి పదిహేనేళ్ళుగా షుగరు. ఒక మధ్యాహ్నం నేను మామిడిపండు వద్దంటే అమ్మ ఆ రెండు కాగితాలూ చూపించి, "దాన్నీ నన్నూ ఒక్క గాటనే కట్టావుటే?" అంది. నవ్వుతూనే అంది. కానీ అది జవాబు చెప్పి తీరవలసిన ప్రశ్న.

పథ్యం అన్న మాటకి మన ఆడవాళ్ళ జీవితాల్లో చాలా చరిత్ర ఉంది. అమ్మ బాలింతగా ఉన్నప్పుడు నెల రోజులు పాత బియ్యం అన్నం, నెయ్యి, కారప్పొడి. కూరా లేదు, పండూ లేదు. దాహమంటే గ్లాసుతో కొలిచి నీళ్ళిచ్చేవాళ్ళు. పాలిచ్చే తల్లి దాహం తీరా నీళ్ళు తాగాలని, ఆకుకూరలు తినాలని ఇవాళ డాక్టర్లు చెప్తారు. అయినా ఆ పథ్యం పెట్టిన అమ్మమ్మ మనసులో కూతురి మేలు తప్ప మరొకటి లేదు. తెలియనితనం ఉంది, దురుద్దేశం లేదు. అమ్మ మేనత్త సంగతి వేరు. ఆవిడ బాలవితంతువు. ఒంటిపూట భోజనం. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. ఇంట్లో అందరికీ ఉల్లిపాయ పులుసు పెట్టి, తాను మజ్జిగన్నం తిని లేచేది. దాన్ని కూడా పథ్యమనే, నియమమనే అన్నారు. మనసు అదుపులో ఉంటుందని, పరలోకంలో మేలని చెప్పారు. కోరికలు పుట్టకుండా ఒక శరీరాన్ని తిండితోనే కట్టడి చెయ్యడం అది. నీ మేలు నీకు తెలియదన్న మాట ఎన్ని వందల ఏళ్ళు మనకి చెప్పారో తెలిసినవాళ్ళం కనుక, ఆ మాట మరొకరితో అనేటప్పుడు మన నోరు తడబడాలి. చిట్టి విషయంలో నేను అంటున్నది మాత్రం ఆ మాటే.

అమర్త్య సేన్ తరచూ చెప్పే ఒక ఉదాహరణ ఇక్కడ ఉపయోగపడుతుంది. ఉపవాసం ఉన్న మనిషి, తిండి దొరక్క పస్తున్న మనిషి. ఇద్దరి కడుపులూ ఒకటే ఖాళీ. మొదటి మనిషికి తినే వీలుంది, వద్దనుకుంది. రెండో మనిషికి ఆ వీలు లేదు. తేడా కడుపులో లేదు, ఎంచుకునే వీలులో ఉంది. అమ్మ ఏకాదశినాడు తినకపోవడానికీ, వాళ్ళ మేనత్త రాత్రిళ్ళు తినకపోవడానికీ ఉన్న తేడా ఇదే. అలాగే అమ్మకి మామిడిపండు తింటే ఏమవుతుందో తెలుసు. కాళ్ళ తిమ్మిర్లు, కంటి డాక్టరు మాటలు అన్నీ తెలిసి ఒక చెక్క తింటానంటుంది. అక్కడ నా పని తెలిసింది చెప్పడం, బతిమాలడం, అవసరమైతే పోట్లాడటం. పండ్ల బుట్ట బీరువాలో పెట్టి తాళం వెయ్యడం నా పని కాదు. చిట్టికి అలా చెప్పి ఒప్పించే దారి లేదు. రేపటి గుడ్డు, ఎముకల్లోని కాల్షియం దానికి తెలిసే విషయాలు కావు. పైగా అడవిలో అయితే ఆ జాతికి ఈ చిక్కే రాదు. నేల మీద తిరుగుతూ రకరకాల గడ్డి గింజలు ఏరుకుంటుంది. పంటల కాలంలో ఆస్ట్రేలియా రైతుల జొన్నచేల మీద కూడా పడుతుంది, మన ఊళ్ళల్లో మంచెలెక్కి వడిసెలతో తోలే చిలకల్లాగే. తన పథ్యం తనకి తెలిసిన ప్రాణిని, పథ్యం మరొకరు రాయవలసిన స్థితికి తెచ్చింది పంజరం. అందుకని దానికి సరైన తిండి పెట్టడం నేను చూపించే దయ అనుకోవడానికి వీల్లేదు. అది బాకీ. బాకీ తీరుస్తున్నవాళ్ళు కృతజ్ఞత ఆశించకూడదు.

ఈ బాకీ తీరుస్తున్నామో లేదో ఎలా తెలుస్తుంది? సంరక్షణ నీతి గురించి రాసిన జోన్ ట్రాంటో 1993 నాటి 'మోరల్ బౌండరీస్' పుస్తకంలో, సంరక్షణను నాలుగు దశలుగా విడదీసి చూపిస్తుంది. అవసరాన్ని గమనించడం, బాధ్యత తీసుకోవడం, స్వయంగా ఆ పని చెయ్యడం, చివరగా అందుకున్నవాళ్ళ స్పందన. మొదటి రెండూ సాధారణంగా అధికారం ఉన్నవాళ్ళ చేతుల్లో ఉంటాయని, తక్కినవి లేనివాళ్ళకి మిగులుతాయని కూడా అంటుంది. మా ఇంట్లో చూస్తే అమ్మ ఒంటరితనాన్ని గమనించింది అన్నయ్య, డబ్బు పెట్టి బాధ్యత తీర్చుకున్నదీ అన్నయ్యే. గుమ్మడికాయ తరిగి, రెట్ట కడిగి, గ్రాములు రాసిపెట్టింది అమ్మ. నాకు ఎక్కువ ముఖ్యమనిపించింది నాలుగో దశ. అందుకున్న ప్రాణి ఏమంటోందో వినకుండా సంరక్షణ పూర్తికాదు. వింటే సరిపోదు, ఆ స్పందనకి కాగితం మీద రాసింది మారగలగాలి. బాలింత దాహమని అడిగినప్పుడు గ్లాసు కొలత మారలేదు. వితంతువు ఆకలన్నప్పుడు ఒంటిపూట రెండు పూటలు కాలేదు. ఆ పథ్యాల్లో అన్యాయం పదార్థాల జాబితాలోనే లేదు, జవాబు వినని తీరులో కూడా ఉంది.

చిలక జవాబు చెప్పగలదా? అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ దగ్గర ముప్ఫై ఏళ్ళు ఉన్న అలెక్స్ అనే ఆఫ్రికా బూడిద చిలక అరటిపండు కావాలని మాటల్లోనే అడిగేది. బదులుగా గింజ ఇస్తే, మళ్ళీ అరటిపండే అడిగేది. ఒక్కోసారి గింజను విసిరికొట్టేది. ఆపిల్ పండుకి తనే 'బ్యానరీ' అని పేరు పెట్టుకుంది. 2007లో అది చనిపోయేదాకా శాస్త్రవేత్తలు దాని తెలివిని లెక్కగట్టారు. నాకు దాని తెలివికంటే ఆ విసిరికొట్టడమే విలువైనదిగా తోస్తుంది. మాటలు రాని చిట్టి కూడా విసిరికొడుతుంది. పాలకూర ఎప్పుడూ ముట్టలేదు. కొత్తిమీర కాడతో సహా నములుతుంది. గుమ్మడికాయ ముక్కలుగా కోస్తే తినదు, తురిమితే తింటుంది. ఇవన్నీ అమ్మ కనిపెట్టినవి. డాక్టరుగారి కాగితం అంచుల్లో అమ్మ చేతిరాతతో ఈ సవరణలు ఉన్నాయి.

పథ్యంలో చాలామంది మరిచిపోయే భాగం ఇంకొకటి ఉంది. అడవిలో చిలకలు రోజులో ఎన్నో గంటలు తిండి వెతుక్కుంటూనే గడుపుతాయి. గిన్నెలో పోస్తే పావుగంటలో అయిపోతుంది. మిగిలిన రోజంతా ఏం చెయ్యాలి? ఏమీ తోచని చిలకలు తమ ఈకలు తామే పీక్కుంటాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో అమెజాన్ చిలకల మీద చేసి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, తిండిని వెతుక్కుని, విప్పుకుని తినే ఏర్పాటు, ఎక్కి తిరిగే వస్తువులు కల్పిస్తే ఈ ఈకలు పీక్కోవడం తగ్గింది. పక్కనే తేరగా తిండి ఉన్నా, కష్టపడి తీసుకునే తిండి వైపే చాలా జంతువులు వెళ్తాయని ఇతర ప్రయోగాలూ చెప్తున్నాయి. అందుకని అమ్మ ఇప్పుడు మునగరెబ్బల్ని కట్టగా కట్టి వేలాడదీస్తుంది. పెసల్ని విస్తరాకు ముక్కల్లో పొట్లాలు కడుతుంది. బజారు నుంచి కొర్ర కంకి తెచ్చి పంజరం పై కమ్మీకి తగిలిస్తుంది. కూర్చోబెట్టి అన్నీ అమరుస్తున్నాం కదా, ఇంకేం కావాలన్న ప్రశ్న మనకి ఎదురైనప్పుడు మనం చెప్పిన జవాబు ఇదే కదా: అమర్చిపెట్టిన జీవితంలో చేసుకోవడానికి ఏమీ మిగలదని.

ఇప్పుడు చిట్టి తొంభై ఆరు గ్రాములుంది. ఎనిమిది నెలలుగా గుడ్లు పెట్టలేదు. ఇది సంతోషించవలసిన సంగతే. అయితే సరైన తిండి ఆ పక్షి ఆయుష్షును పెంచుతుంది, పంజరాన్ని పెంచదు. ఈ జాతి బాగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది. అంటే మనం ఎంత బాగా పెడితే అది అంత ఎక్కువకాలం ఖైదులో ఉంటుంది. పంజరంలో పుట్టిన పరదేశి పక్షిని ఇక్కడి ఆకాశంలోకి వదిలేస్తే అది విడుదల కాదు, చంపడమే. కనుక దీన్ని చివరిదాకా సాకాలి, మరొకదాన్ని కొనకూడదు. తలుపులన్నీ మూసి రోజూ గంటసేపు గదిలో ఎగరనివ్వడం ఈ రెండింటి మధ్యా చెయ్యగలిగిన చిన్న పని.

ఇంతవరకు నాకు స్పష్టంగానే ఉంది. స్పష్టంగా లేనిది మరొకటి. ఒక ముసలి స్త్రీకి పొద్దుపోక ఒక ఆడపక్షిని పంజరంలో తెచ్చి ఇచ్చాం. పిల్లలం చెయ్యవలసిన కబుర్ల పని దానికి అప్పజెప్పాం. ఆ పక్షి ఒంటరితనానికి తోడు అమ్మ, అమ్మ ఒంటరితనానికి తోడు ఆ పక్షి. ఇద్దరికీ పథ్యం కాగితాలు రాసిచ్చి మనం పనులకి వెళ్ళిపోతున్నాం. సంపాదించుకునే ఆడవాళ్ళుగా ఆ వెళ్ళడాన్ని మనం పోరాడి తెచ్చుకున్నాం, దాన్ని వదులుకోమని నేను అనను. కానీ ఇంట్లో మిగిలిపోయినవాళ్ళ ఆకలి తిండి ఒక్కదాని కోసమే కాదన్న విషయం, తిండి సక్రమంగా అందుతున్నకొద్దీ మరుగున పడిపోతుంది. ఆ ఆకలి మాట మన ఇళ్ళల్లోని అన్నయ్యలు కూడా అడగాలి, తమ్ముళ్ళు కూడా అడగాలి.